పాత భవనంలో ఉన్న లైబ్రరీ చరిత్ర కావాలంటే శిలాఫలకం చూడకండి, రిజిస్టర్ అడగండి

ప్రశ్న: విశాఖలో పాత భవనాల్లో నడిచిన చిన్న గ్రంథాలయాల చరిత్ర తెలుసుకోవాలంటే ఎలా? ఎవరికైనా స్వయంగా తెలిసిన లైబ్రరీ ఉందా?

ఉంది. నేను వన్ టౌన్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. ఇప్పుడు మధురవాడలో ఉంటున్నాను గానీ, మా ఇంట్లో ఇప్పటికీ పాత పోస్టాఫీసు వైపు వెళ్తే ‘ఊళ్ళోకి వెళ్తున్నాం’ అనే అంటాం. నగరం ఎంత పెరిగినా మాకు వన్ టౌన్ ఒక చిన్న ఊరే. ఆ ఊళ్ళో ఒక సందు చివర ఒక శాఖా గ్రంథాలయం ఉంది. పేరు రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ముందుగా ఒక మాట. మీరు ఎవర్ని అడిగినా భవనం గురించి చెబుతారు. ‘డచ్చి వాళ్ళు కట్టారండీ’ అంటారు. విశాఖలో గోడ రెండడుగుల మందం ఉంటే చాలు, డచ్చి వాళ్ళ ఖాతాలో వేసేస్తారు. డచ్చి వాళ్ళు స్థావరం పెట్టుకున్నది భీమునిపట్నంలో. ఇక్కడ ఉన్నది ఇంగ్లీషు వాళ్ళ ఫ్యాక్టరీ, అంటే వర్తక స్థావరం. మా లైబ్రరీ భవనం ఆ ఇద్దరిదీ కాదు. ఓడల మీద సరుకు పంపే ఒక వర్తకుడి ఇల్లు. కింద గోదాము, పైన కాపురం. ఆయన వారసులు ముందు గదిని పేపర్లు చదువుకోవడానికి వదిలారు, తరవాత మిగతాదీ వదిలేశారు. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నం పోసిన మద్రాస్ టెర్రస్ కప్పు. వీధి వైపు అరుగు. ఎక్కితే కిర్రుమనే చెక్క మెట్లు. ఇంతే. వాస్తుశిల్పం గురించి ఇంతకన్నా రాయను, దాని ఫోటోలు ఇన్‌స్టాగ్రామ్ నిండా ఉన్నాయి.

ఆ ఫోటోల వాళ్ళ మీద నాకు పాత కోపం ఉంది. ఆదివారం పొద్దున్నే హెరిటేజ్ వాక్ అని వస్తారు. కిటికీ దగ్గర నిలబడి ఫోటో, మెట్ల మీద కూర్చుని ఫోటో. ఒక్కడంటే ఒక్కడు సభ్యత్వం అడిగింది నేను చూడలేదు. భవనాన్ని ఇన్నాళ్ళూ కూలిపోకుండా కాపాడింది వాళ్ళు కాదు. పొద్దున తలుపు తీయకముందే అరుగు మీద కూర్చుని ఎదురుచూసే రిటైరైన పోర్టు ఉద్యోగులు, గ్రూప్స్ పరీక్షలకి చదివే పిల్లలు. జనం లేకపోతే ఏ భవనాన్నైనా ‘శిథిలావస్థ’ అని ఒక కాగితం రాసి పడగొట్టడానికి ఎంతసేపు?

సరే, చరిత్ర. మన ప్రాంతం ఈ విషయంలో వెనకబడింది కాదు. ఆంధ్రదేశంలో తొలి పౌర గ్రంథాలయం అని చెప్పేది విశాఖలోదే. 1886లో మంతెన ఆదినారాయణమూర్తి గారు పెట్టారు. ఆయన ఉపాధ్యాయుడు. జమీందారు కాదు, కలెక్టరూ కాదు. అటు తరవాత 1914 ఏప్రిల్ 10న బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. 1919 నవంబర్ 14న మద్రాసులో అఖిల భారత స్థాయి సభ జరిగింది. అందుకే ఏటా గ్రంథాలయ వారోత్సవాలు ఆ తేదీతో మొదలవుతాయి. అదే రోజు బాలల దినోత్సవం కూడా కావడంతో, మా లైబ్రరీలో ఆ రోజు చాచా నెహ్రూ పటానికే దండ పడేది. అయ్యంకి గారి పటం బీరువా పక్కన గోడకి ఒంటరిగా వేలాడేది. చిన్నప్పుడు ఆయన్ని ఆ ఇంటి వర్తకుడే అనుకున్నాను నేను.

ఇవన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. మీ ఊరి లైబ్రరీలో ఏం జరిగిందో మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకదు. అది ఒక్క చోటే ఉంటుంది: యాక్సెషన్ రిజిస్టర్. కొత్త పుస్తకం వచ్చిన ప్రతిసారీ వరస నంబరు వేసి రాసే పెద్ద పద్దు పుస్తకం. ఈ సంగతి నాకు తెలిసింది చదువు వల్ల కాదు, తుపాను వల్ల.

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్. విశాఖ వాళ్ళకి ఆ రోజు గురించి చెప్పక్కర్లేదు, బయటి వాళ్ళకి చెప్పినా అర్థం కాదు. గాలి ఒకవైపు నుంచి కొట్టి, మధ్యలో కాసేపు ఆగి, మళ్ళీ రెండో వైపు నుంచి కొట్టింది. ఆగినప్పుడు అయిపోయిందనుకుని బయటికి వచ్చినవాళ్ళున్నారు. మర్నాడు చూస్తే ఊరు ఊరులా లేదు. ఒక్క చెట్టుకీ ఆకు లేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పెట్రోలు బంకు దగ్గర కిలోమీటరు క్యూ, పాల ప్యాకెట్ కోసం కొట్లాట.

రెండో రోజు నేను అమ్మానాన్నల్ని చూడ్డానికి వన్ టౌన్ వెళ్ళాను. పడిన చెట్ల మీంచి బండి నెట్టుకుంటూ వెళ్ళేసరికి మధ్యాహ్నం అయింది. వాళ్ళు బాగానే ఉన్నారు. నాన్నగారు నన్ను చూసి అడిగిన మొదటి మాట, “లైబ్రరీ ఎలా ఉందో చూశావా?” అని. కొడుకు ఎలా వచ్చాడు, తిన్నాడా అని కాదు. ఆయనంతే.

వెళ్ళాను. పై అంతస్తు కిటికీ రెక్కలు రెండు లేవు. గాలి వాన నీళ్ళని అడ్డంగా లోపలికి కొట్టింది. కప్పు మాత్రం, ఆ వర్తకుడి పుణ్యమా అని, చెక్కు చెదరలేదు. కారింది ఎక్కడంటే, అంతకు రెండేళ్ళ ముందు మరమ్మతు పేరుతో సున్నం గోడ మీద సిమెంటు పూసిన చోట.

ఇది కాస్త చెప్పుకోవాలి, లేకపోతే నా కడుపు మండుతుంది. సున్నం గోడ ఊపిరి పీలుస్తుంది. తడి లోపలికి వెళ్ళినా మెల్లగా బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తడి లోపలే ఉండిపోతుంది, ఇటుక కుళ్ళుతుంది, రంగు పెచ్చులుగా ఊడుతుంది. సముద్రం పక్కన ఉప్పుగాలికి ఇంకా తొందరగా. మా తాతగారి కాలం తాపీ మేస్త్రీలందరికీ తెలిసిన ముక్క ఇది. టెండరు రాసే ఇంజనీరుకి ఎందుకు తెలియదో నాకు అర్థం కాదు. పాత భవనాలని చెదలు కన్నా మరమ్మతులే ఎక్కువ తిన్నాయని నా గట్టి అభిప్రాయం.

లోపల అటెండరు తాత ఒక్కడే ఉన్నాడు. నా చిన్నప్పటి నుంచీ అక్కడే. రిటైరయ్యాక కూడా రోజూ వచ్చి తలుపు తీసేవాడు. లైబ్రేరియన్ మేడమ్ ఉండేది గాజువాక దాటి, ఆ రెండు రోజులూ ఆవిడ రాలేకపోయారు. తాత లుంగీ ఎగ్గట్టి నీళ్ళు తోడుతున్నాడు. నన్ను చూసి, “వచ్చినావా బావూ, ఇదిగో ఆ కొస అట్టుకో” అన్నాడు. కుశలప్రశ్నలు అక్కడా లేవు.

మేం మొదట చేసిన తప్పేంటంటే, తడిసిన పుస్తకాలన్నీ డాబా మీద ఎండలో పరిచేశాం. ఎండ బాగా కాసింది. సాయంత్రానికి పుస్తకాలు అప్పడాల్లా వంకర్లు తిరిగాయి. నున్నటి కాగితం మీద రంగుల బొమ్మలున్న పిల్లల పుస్తకాలు, ఎన్‌సైక్లోపీడియాలు పేజీకి పేజీ అతుక్కుని ఇటుకల్లా అయిపోయాయి. మామూలు మోటు కాగితం పుస్తకాలు నయం, విడదీస్తే విడిపోయాయి. చవక కాగితానికి ఆ రోజు దండం పెట్టాను.

తడిసిన పుస్తకానికి రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. ఫ్యాను తిప్పడానికి కరెంటు లేదు. పేజీల మధ్య పేపరు పెట్టి తడి పీల్పించాలి, అంటే బోలెడు పాత పేపర్లు కావాలి. అక్కడ ఒక విచిత్రం జరిగింది. లైబ్రరీల్లో పాత దినపత్రికల్ని తూకానికి అమ్మడానికి పైనుంచి అనుమతి రావాలి. ఆ అనుమతి కాగితం ఏడాదిన్నరగా రాలేదు. మెట్ల కింద మూడు క్వింటాళ్ళ పేపర్లు, ఎలకలకి ఇల్లు. మేడమ్ ఎన్నిసార్లు ఉత్తరం రాశారో. ఆ మెట్ల కింద ఒక్క చుక్క నీరు పడలేదు. ఎవరో ఒక ఆఫీసరు సంతకం పెట్టని పుణ్యానికి మా పుస్తకాలు బతికాయి. ప్రభుత్వం నిద్రపోతే మేలు జరగడం నేను జీవితంలో చూసింది ఆ ఒక్కసారే.

వీధిలో వాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. పేపరు చదవడానికి వచ్చే ముసలాయనలు నలుగురు. ఆదివారం అనుబంధం కోసం ప్రతి వారం కొట్టుకునే ఇద్దరు ఆ రోజు ఒకే బల్ల దగ్గర కూర్చుని పేజీల మధ్య పేపర్లు పెట్టారు. తాత భార్య బట్టలారేసే తాడు తెచ్చి హాల్లో గోడ నుంచి గోడకి కట్టింది. పల్చటి పుస్తకాలు దాని మీద మధ్యకి వేలాడదీశాం. సంత రోజు కల్లాల దగ్గర ఎండు చేపలు వేలాడినట్టున్నాయి అంటే ఆవిడ నవ్వింది.

రిజిస్టర్ దొరికింది మూడో రోజు పొద్దున. కింది అరలో, నీళ్ళలో నానిన పరుపులా. తాత దాన్ని రెండు చేతుల్తో ఎత్తి బల్ల మీద పెట్టి, “ఇది పోతే మనకాడ ఏం పుస్తకాలున్నాయో చెప్పడానికి దేవుడు కూడా లేడు బావూ” అన్నాడు.

పేపర్లు పెడితే పని కాలేదు, మరీ నానిపోయింది. అప్పుడు ఎదురింటి అరుగు మీద బట్టలు ఇస్త్రీ చేసే ఆయన వచ్చాడు. ఆయన పెట్టె బొగ్గులది. ఊరంతా కరెంటు లేక కూర్చుంటే ఆయన ఒక్కడికే పని ఆగలేదు. పేజీ మీద ఒక పేపరు, కింద ఒక పేపరు పెట్టి, చొక్కా కాలరు తీసినంత జాగ్రత్తగా ఒక్కో పేజీ ఇస్త్రీ చేశాడు. రెండున్నర రోజులు. బొగ్గుకి తప్ప డబ్బులు తీసుకోలేదు. ముందు పది పేజీలకి మేం గమనించలేదు, వేడికి పేపరు మీది అచ్చు రిజిస్టర్ మీద తిరగబడి అంటుకుంది. ఇప్పటికీ పాత పద్దుల మీద 2013 నాటి ఏదో వార్త శీర్షిక అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది. తరవాత నుంచి మధ్యలో పాత పంచె ముక్క వేశాం.

ఆయన పక్కన కూర్చుని ఆరిన పేజీలు అందుకుంటూ నేను ఆ రిజిస్టర్ మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఫోన్ లేదు, పని లేదు, ఇంకేం చేస్తాం? అప్పుడు కనిపించింది నాకు మా ఊరి చరిత్ర.

మొదటి పేజీల మీద ముద్రలో ఊరి పేరు ఇంగ్లీషులో వైజాగపటం. తరవాత ముద్ర మారి విశాఖపట్నం. ధరల కాలమ్‌లో రూపాయి, అణా, ‘పై’ (అణాలో పన్నెండో వంతు) మూడు అంకెలుగా ఉంటాయి, 1-8-0 అంటే రూపాయిన్నర. ఒక పేజీ దగ్గర అణాలు ఆగిపోయి నయా పైసలు వచ్చాయి. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి కాబట్టి, తేదీ కాలమ్ చిరిగిపోయినా ఆ పేజీ ఎప్పటిదో చెప్పేయొచ్చు. ఒక చోట కొన్ని నెలలపాటు ఒక్క పద్దూ లేదు. ముందు వెనకలు చూస్తే అది 1942 వేసవి. ఆ ఏప్రిల్ 6న జపాను వాళ్ళు విశాఖ మీద బాంబులు వేశారు, ఊళ్ళో జనం మూటాముల్లె సర్దుకుని లోపలి పల్లెలకి వెళ్ళిపోయారు. యూనివర్సిటీయే గుంటూరు వెళ్ళిపోయింది, మా లైబ్రరీ ఎంత? ఆ ఖాళీకి కారణం అదేనని నేను ఎవరితోనైనా వాదిస్తాను. బహుశా గుమస్తాకి జ్వరం వచ్చి ఉండొచ్చు కదా అన్నాడు మా తమ్ముడు. వాడితో మాట్లాడి ప్రయోజనం లేదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది చివరి కాలమ్, రిమార్కులు. ‘చెదలు’, ‘చినిగినది’, ‘తొలగించబడినది’, ‘పోయినది’. ఊళ్ళో జనం నిజంగా ఏం చదివారో తెలియాలంటే ‘పోయినది’ అని రాసినవి వరసగా చూడండి. వేదాంతం ఒక్కటీ పోలేదు. డిటెక్టివ్ నవలలు బుట్టలకొద్దీ పోయాయి. వంటల పుస్తకం మూడుసార్లు కొన్నారు, మూడుసార్లూ పోయింది. జాతకం పుస్తకాలు కూడా పోయాయి, పోతుందని వాటికే తెలిసి ఉండాలి.

ఇంకో తమాషా ఏంటంటే, పాత పేజీలే బాగున్నాయి. అప్పటి వాళ్ళు వాడింది బ్లూ బ్లాక్ సిరా. అది కాగితంలోకి ఇంకి నల్లబడుతుంది, నీళ్ళకి పోదు. డెబ్భైలూ ఎనభైల్లో ఎవరో గుమస్తా గారు అందమైన లేత నీలం సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. అది కాస్తా కడుక్కుపోయి పేజీ అంతా ఆకాశం రంగు అయిపోయింది. ఆ తరవాత బాల్‌పెన్ పేజీలు మళ్ళీ బాగున్నాయి. అంటే మా ఊరి లైబ్రరీకి తాతల కాలం ఉంది, నిన్నా మొన్నా ఉంది, నేను నిక్కర్లు వేసుకుని వెళ్ళిన కాలం మాత్రం లేదు.

ఆ నీలం పేజీల్లోనే మా నాన్నగారి పద్దు ఉండాలి. ఆయన వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలు ప్రతి వారం జాగ్రత్తగా చింపి, అయిపోయాక కుట్టించి, కాలికో బైండు చేయించేవారు. మా తరంలో అందరిళ్ళలోనూ ఉండేది ఈ అలవాటు. వాటిలో ఆరు వాల్యూములు లైబ్రరీకి ఇచ్చేశారు, అమ్మ ‘ఇంట్లో బొద్దింకలు పెరుగుతున్నాయి’ అని గొడవ చేసిన ఏడాది. అందుకే తుపాను మర్నాడు ఆయన అడిగిన మొదటి మాట అది.

వాటిలో ఒకటి దొరికింది. వెన్ను మీద కాగితం ముక్క ఊడిపోయింది, నంబరు లేదు. రిజిస్టర్‌లో పేజీ నీలం. లైబ్రేరియన్ మేడమ్ వచ్చాక అడిగాను, నాన్నగారు ఒకసారి చదువుకుంటారు, ఇస్తారా అని. ఆవిడ చాలా మంచి మనిషి. కానీ, “నంబరు లేని పుస్తకం ఇష్యూ చెయ్యకూడదండీ, రేపు ఆడిట్‌లో నేనేం చెప్పాలి?” అన్నారు. న్యాయమే. తాత నన్ను పక్కకి పిలిచి, “రికార్డులో లేని పుస్తకం లేనట్టే కదా బావూ, సంచీలో ఏసుకుపో” అన్నాడు. అదీ న్యాయమే.

మర్నాడు నాన్నగారినే ఆటోలో తీసుకెళ్ళాను. అరుగు ఎక్కడానికి ఇద్దరం పట్టుకోవాల్సొచ్చింది. ఆయన కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, కిటికీకి ఇంకా రెక్కలు లేవు, రెండు గంటలు ఆ పుస్తకం చదివారు. మధ్యలో ఒక పేజీ దగ్గర ఆగి, “ఇక్కడ ఒక వారం పేజీ దొరక్కపోతే పక్కింటివాళ్ళది చింపాను. వాళ్ళకి ఇప్పటికీ తెలీదు” అన్నారు. ఇంటికి తెచ్చుకుందామా అంటే వద్దన్నారు. “ఇచ్చేసింది ఇచ్చేసినట్టే.”

మీ ప్రశ్నకి ఇంకా సరిగ్గా జవాబు చెప్పలేదు కదూ. విశాఖలో పాత భవనాలకి కొదవ లేదు. బొబ్బిలి రాజా వారి టౌన్ హాల్ ఉంది, కురుపాం మార్కెట్ ఉంది. వాటి గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. లైబ్రరీ చరిత్రే కావాలంటే వేటపాలెం సారస్వత నికేతనం చూసి రండి. 1918లో పెట్టింది. అందరూ అక్కడ గాంధీ గారి చేతికర్ర చూసి ఫోటో తీసుకుని వచ్చేస్తారు, మీరు మాత్రం పాత పత్రికల ఫైళ్ళు అడగండి. మీ పేటలోని లైబ్రరీకి వెళ్తే పాత యాక్సెషన్ రిజిస్టర్ చూపించమని అడగండి. మొదట లేదంటారు. రెండోసారి ‘ఎందుకండీ’ అంటారు. మూడోసారి ఇస్తారు. చేతులు కడుక్కుని ముట్టుకోండి.

వాళ్ళు మీకు దయతో చూపిస్తున్నారని మొహమాటపడకండి. మీరు ఇంటి పన్ను కడితే దాని మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. పన్ను 5,000 అయితే 400 రూపాయలు. ఏడాదికి 400 ఇచ్చి ఒక్కసారైనా గడప తొక్కనివాళ్ళే నా అపార్ట్‌మెంట్ నిండా ఉన్నారు, ఓటీటీ నెల చందా ఎక్కువైందని మాత్రం వాట్సాప్ గ్రూపులో గొడవ చేస్తారు. వసూలైన సెస్సు చాలాచోట్ల లైబ్రరీలకి సమయానికి చేరదు. అది వేరే గొడవ, మొదలుపెడితే రాత్రి అయిపోతుంది.

మా లైబ్రరీ పేరు ఎందుకు రాయలేదంటే, ఆ నంబరు లేని పుస్తకం ఇప్పటికీ అక్కడే ఉంది, నాలుగో బీరువా పైన. పేరు రాస్తే ఎవరో ఒకరు రూలు చూపించి తీసేస్తారు. నాన్నగారు లేరు. నేను నెలకోసారి వెళ్తాను. తాత కొడుకు ఇప్పుడు అక్కడ స్వీపరు, స్టూలు వేసి దించి ఇస్తాడు. కిటికీకి కొత్త రెక్కలు పెట్టారు, అల్యూమినియంవి, ఆ ఇంటికి అస్సలు నప్పలేదు.

మీరు కూడా మీ పేట లైబ్రరీకి ఎప్పుడైనా వెళ్ళండి. శుక్రవారం మాత్రం వద్దు, సెలవు.